పెంకులు కడిగే వేసవి

ఏథెన్స్‌లో అక్రోపోలిస్ కొండ కింద, పిరేయస్ రేవుకు పోయే రైలు పట్టాల పక్కన, వేసవి వచ్చిందంటే కొందరు కుర్రవాళ్లూ అమ్మాయిలూ వరసగా కూర్చుని టూత్‌బ్రష్‌లతో కుండపెంకులు కడుగుతుంటారు. తలమీద వెడల్పాటి టోపీలు, మోకాళ్లకు మట్టి, ముందు నీళ్ల తొట్లు. చాలామంది డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు, లేదా అప్పుడే పూర్తి చేసినవాళ్లు. గ్రీకు, లాటిన్ భాషలనూ ఆ రెండు నాగరికతల చరిత్రనూ కలిపి చెప్పే చదువును పాశ్చాత్య దేశాల్లో క్లాసిక్స్ అంటారు. అందులోనో పురావస్తు శాస్త్రంలోనో పీహెచ్‌డీ చేయాలన్నది వాళ్ల ఉద్దేశం. చేరేముందు ఒక వేసవి, ఒక సెమిస్టర్, వీలైతే ఒక ఏడాది ఏథెన్స్‌లోనో రోమ్‌లోనో గడిపి వెళతారు.

మన ఇళ్లలో ఈ లెక్క కుదరదు. మే నెలలో బీటెక్ పరీక్షలు, ఆగస్టులో ఎమ్మెస్‌కు విమానం. మధ్యలో మిగిలే రోజులు వీసా ఇంటర్వ్యూకు, సూట్‌కేసులకు, పచ్చళ్ల ప్యాకింగుకు సరిపోతాయి. సర్టిఫికెట్ల మధ్య ఒక ఏడాది ఖాళీ కనిపించిందంటే కన్సల్టెన్సీవాళ్ల దగ్గర్నుంచి పెళ్లి సంబంధం చూసేవాళ్ల దాకా ఆరా తీయనివాళ్లు ఉండరు. అలా పెరిగినవాళ్లకు, విమానం టికెట్టు కొనుక్కుని మరీ పెంకులు కడగడానికి పోయే పిల్లల సంగతి వింతగానే తోస్తుంది. ఆ వింతలో మనకు పనికొచ్చేది కూడా కొంత ఉంది.

ఆ పెంకులు దొరికే తవ్వకాలు చేయిస్తున్నది అమెరికన్ స్కూల్ ఆఫ్ క్లాసికల్ స్టడీస్ అనే సంస్థ. 1881లో పెట్టారు. అప్పటికే ఫ్రెంచివాళ్ల స్కూలు 1846 నుంచీ, జర్మన్ల సంస్థ 1874 నుంచీ ఏథెన్స్‌లో ఉన్నాయి. బ్రిటిష్ స్కూలు 1886లో వచ్చింది. అమెరికన్ల చేతికి చిక్కినది అగోరా: సంత, సభ, కోర్టు అన్నీ ఒక్కచోటే నడిచిన మైదానం, సోక్రటీస్ కనిపించినవాణ్ణల్లా ఆపి ప్రశ్నలు వేసిన చోటు. అక్కడ 1931లో మొదలైన తవ్వకం ఇంకా సాగుతూనే ఉంది. 1980ల నుంచి విద్యార్థులే వాలంటీర్లుగా పని చేస్తున్నారు.

పని ఎలా ఉంటుందో చూడండి. ఎండ ముదరకముందే గుంటలో దిగాలి. ఒకరు చిన్న పికాసుతో మట్టి వదులు చేస్తారు, ఒకరు తాపీతో గీకుతారు, ఒకరు తట్టలు మోస్తారు, ఇంకొకరు జల్లెడ పడతారు. గంటసేపు ఏమీ జరగదు. ఉన్నట్టుండి తాపీ కింద మట్టి రంగు కొంచెం మారుతుంది, లేదా చేతికి మెత్తబడుతుంది. అక్కడ ఆగాలి. గుంట పెద్దను పిలవాలి. పాత కాలపు చెత్తగుంత అంచు తగిలిందేమో, బావి నోరేమో, నిన్న మొన్నటి డ్రైనేజీ కాలువేమో! ఆగకుండా ఇంకో నాలుగు గీతలు గీకితే రెండు శతాబ్దాల మట్టి ఒకదానిలో ఒకటి కలిసిపోతుంది, మళ్లీ ఎవరూ విడదీయలేరు. తవ్వినది తిరిగి పూడ్చి రెండోసారి తవ్వే వీలు లేదు గనుక ప్రతి పొరకూ సంచి, సంచికి చీటీ, చీటీలోని అంకె నోటుబుక్కులో. మధ్యాహ్నాలు కడగడం, ఆరబెట్టడం. ఆరిన పెంకుల్ని బల్లమీద పరిచాక అసలైన క్లాసు మొదలవుతుంది. ఆ పనిలో పండిపోయినవాళ్లు, బియ్యం కొట్లో గింజ నోట్లో వేసుకుని పాతవో కొత్తవో చెప్పేసే మన పెద్దవాళ్లలాగా, పెంకును వేళ్ల మధ్య తిప్పి ఇది ఫలానా శతాబ్దపు గిన్నె అంచు అనేస్తారు. పక్కన నిలబడ్డ కుర్రవాడికి ఏమీ కనపడదు. పదిహేను రోజులు పోయాక ఏదో కొంచెం కనపడుతుంది. వేసవి అయ్యేసరికి పదింట్లో ఆరు సరిగ్గా చెబుతాడు. పుస్తకాల్లో ఈ బొమ్మలు లేక కాదు. అంచు వంపు, మట్టిలోని అభ్రకం మెరుపు, పూత మందం వేళ్లకు తెలియాలి. ఆ తెలివిడి ఫొటోలోంచి రాదు.

పెంకుల నుంచి ఎంత బయటికి వస్తుందో చెప్పడానికి ఏథెన్స్‌లో ఇష్టంగా చెప్పుకునే సంగతి ఒకటుంది. 1937లో ఆస్కార్ బ్రోనీర్ అక్రోపోలిస్ ఉత్తరపు వాలులో ఒక బావి శుభ్రం చేయిస్తుంటే 190 దాకా పెంకులు దొరికాయి. చాలామటుకు తాగే గిన్నెల అడుగు భాగాలు. ఇంచుమించు అన్నిటిమీదా గీసిన పేరు ఒకటే, థెమిస్టొక్లీస్. క్రీ.పూ. 480లో సలామిస్ దగ్గర పారశీక నౌకాదళాన్ని ఓడించిన వీరుడు ఆయన. ఆ తర్వాత పదేళ్లు గడవకముందే, లేదా గడుస్తూండగానే, ఊరివాళ్లు ఆయన్ను వెళ్లగొట్టారు. ఎవణ్ణయినా దేశం దాటించాలంటే పౌరులు పెంకు మీద పేరు గీసి వేసే పద్ధతి ఉండేది. ఆరువేల ఓట్లు లెక్కకు రావాలి, పేరు తేలినవాడు పదేళ్లు ఊళ్లో ఉండకూడదు. బావిలో దొరికిన పెంకుల మీది అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే 190 పెంకులనూ రాసింది మొత్తం 14 మందేనని తేలింది. ఎవరో కూర్చుని ముందే రాసి సిద్ధం చేసి పెట్టారన్నమాట. ప్రజాస్వామ్యం పుట్టినచోటే, ఓటరు గుమ్మం తొక్కకముందే అతని ఓటు తయారై ఉంది! ఏ చరిత్రకారుడూ రాసి పెట్టని ఈ సంగతి, ఎవరో ఒకరు అక్షరాల వంకర్లను ఓపికగా చూడబట్టి మనకు తెలిసింది. పీహెచ్‌డీలో చేరబోయే కుర్రవాడికి సిద్ధాంతాలు తర్వాత ఎలాగూ చెబుతారు. ఈ ఓపిక తనలో ఉందో లేదో ముందుగా చూసుకోవడం మంచిది.

ఇప్పుడు ఆ పెంకులూ వేలకొద్దీ ఇతర వస్తువులూ ఉన్న మ్యూజియం అగోరాలోనే, అట్టాలస్ కట్టించిన వసారాలో ఉంది. 1953-56 మధ్య పాత పునాదుల మీద కొత్తగా కట్టారు. మొదట కట్టించిన రెండో అట్టాలస్ క్రీ.పూ. రెండో శతాబ్దంలో పెర్గమాన్‌కు రాజు. సింహాసనం ఎక్కకముందు ఏథెన్స్‌కు వచ్చి చదువుకున్నాడని, ఆ కృతజ్ఞతతోనే ఈ పాలరాతి వసారాను ఊరికి కానుకగా ఇచ్చాడని చెబుతారు. పూర్వ విద్యార్థులు కాలేజీకి వాటర్ ప్లాంటు పెట్టించడం మనకు తెలిసిందే గానీ, ఇది కొంచెం పెద్ద ఎత్తున జరిగింది.

రోమన్ల కాలానికి డబ్బున్న ఇంటి పిల్లవాణ్ణి పై చదువుకు ఏథెన్స్ పంపడం మామూలైపోయింది. రోమన్ వక్త సిసెరో స్వయంగా క్రీ.పూ. 79లో వెళ్లి ఆరు నెలలు ఉన్నాడు, అక్కణ్ణుంచి రోడ్స్ వెళ్లి వక్తృత్వం మెరుగుపెట్టుకున్నాడు. తర్వాత క్రీ.పూ. 45లో కొడుకు మార్కస్‌ను పంపాడు. ఖర్చుకు రోమ్‌లో తనకున్న ఇళ్ల అద్దెలు కేటాయించాడు. కొడుకు ఆ డబ్బును చదువుకంటే విందులకు ఎక్కువ వాడుతున్నాడన్న కబురు తండ్రికి చేరింది. పిల్లవాడు బుద్ధిమంతుడయ్యానని తండ్రి కార్యదర్శి టైరోకు ఉత్తరం రాశాడు: పాత తప్పులకు సిగ్గుపడుతున్నానని, గురువు క్రాటిప్పస్‌తో కలిసే భోంచేస్తున్నానని, తండ్రికి నచ్చని వక్తృత్వం మాస్టారిని వదిలేశానని. ఉత్తరం చివర, నోట్సు రాయడానికి ఒక గుమస్తాను పంపమని, గ్రీకువాడైతే మరీ మంచిదని కోరిక. ఫోన్లో హాస్టల్ నుంచి డబ్బు అడిగే ముందు పిల్లలు పరీక్షల సంగతి ఎత్తే పద్ధతి రెండువేల ఏళ్ల నాటిదని దీన్నిబట్టి తెలుస్తోంది. సిసెరో మాత్రం ఊరికే ఉండలేదు. కర్తవ్యాల మీద ఒక గ్రంథమే రాసి కొడుకు పేరిట అంకితం చేశాడు. కొడుకు దాన్ని ఎంతవరకు చదివాడో గానీ, లోకం ఇప్పటికీ చదువుతోంది.

అదే రోజుల్లో ఏథెన్స్‌లో తర్వాత గొప్ప కవి అయిన హొరేస్ కూడా ఉన్నాడు. ఇతని తండ్రి ఒకప్పుడు బానిస, విముక్తి పొంది చిన్న సంపాదనతో బతికినవాడు. ఊరి బడిలో వేయకుండా కొడుకును రోమ్ తీసుకొచ్చి, ఆ తర్వాత ఏథెన్స్ పంపాడు. పెద్దింటి బిడ్డలు చదివిన చదువే తన బిడ్డకూ దక్కాలని అంత దూరం పోయిన ఆ తండ్రి మనకు అపరిచితుడేమీ కాడు. కోనసీమలోనో పాలమూరులోనో అలాంటివాళ్లు వీధికి ఇద్దరున్నారు.

రోమ్ వైపు చదువు మరో రకం. జానికులం కొండ మీద 1965 నుంచి నడుస్తున్న ఇంటర్‌కాలేజియేట్ సెంటర్‌కు అమెరికా కాలేజీల నుంచి డిగ్రీ విద్యార్థులు ఒక్కో సెమిస్టర్‌కు కొద్దిమందే వస్తారు. అందరూ ముద్దుగా చెంత్రో అంటారు. అక్కడి ముఖ్యమైన కోర్సుకు తరగతి గది రోమ్ నగరమే. ఈరోజు ఈ గోడ, రేపు ఆ మెట్లు. ఏ ఇటుక ఏ చక్రవర్తి కాలానిదో నిలబడి చూసి తేల్చుకోవాలి. ఏథెన్స్ స్కూలు వేసవి తరగతుల్లో కూడా ఇలాంటి రివాజే ఉంది. ఒక్కొక్కరికీ ఒక కట్టడం అప్పజెబుతారు, ఆ కట్టడం ముందు నిలబడి మిగతావాళ్లకు పాఠం చెప్పాలి. ఎండలో, పర్యాటకుల గోలలో, పుస్తకంలో ఉన్న ప్లానుకూ ఎదురుగా ఉన్న రాళ్లకూ పొంతన కుదరక తంటాలు పడినవాడు ఆ గుడి పునాదిని జన్మలో మరవడు.

రోమ్ అనగానే రెజినాల్డ్ ఫోస్టర్ గురించి చెప్పకుండా ఉండలేం. అమెరికాలోని మిల్వాకీలో ప్లంబరు కొడుకుగా పుట్టి, సన్యాసం పుచ్చుకుని, వాటికన్‌లో పోపుల లాటిన్ ఉత్తరాలు రాసే కొలువులో నలభై ఏళ్లు ఉన్నాడు. సన్యాసి దుస్తులు తొడిగేవాడు కాదు. పనివాళ్లు వేసుకునే నీలం చొక్కా, ప్యాంటు. నోటికి అదుపు తక్కువ, మనసుకు దాపరికం తక్కువ. 1985 నుంచి ప్రతి వేసవిలో లాటిన్ ఊరికే చెప్పేవాడు. పరీక్ష లేదు, సర్టిఫికెట్ లేదు, ఫీజు అంతకన్నా లేదు. ఏ దేశం నుంచి ఎవరొచ్చినా బెంచీ మీద చోటుంటే చాలు. పగలంతా క్లాసులు, సాయంత్రం మఠం తోటలో చెట్ల కింద కూర్చుని ఇష్టమైనవాళ్లతో మళ్లీ చదువు. సెలవురోజు బస్సెక్కించి సిసెరో పుట్టిన ఊరికి తీసుకుపోయి అక్కడ సిసెరోను చదివించేవాడు. హోంవర్కు కాగితాలకు అంతు ఉండేది కాదు. తాను ఏళ్ల తరబడి చెప్పిన విశ్వవిద్యాలయంలో ఫీజు కట్టనివాళ్లను కూడా క్లాసులో కూర్చోబెడుతున్నాడని 2006లో ఆయన్ను తప్పించారు. బయట గది చూసుకుని చెప్పడం కొనసాగించాడు. 2020 క్రిస్మస్ రోజున పోయాడు. ఆ వేసవుల్లో ఆయన బెంచీల మీద కూర్చున్న కుర్రవాళ్లు ఇవాళ ఎన్నో చోట్ల లాటిన్ ప్రొఫెసర్లుగా ఉన్నారు. వాళ్ల ప్రవర లోకానికి చెప్పడానికి ఒక్క సర్టిఫికెట్టూ లేదు.

భాషల సంగతే అసలు చిక్కు. క్లాసిక్స్ పీహెచ్‌డీలో చేరాలంటే గ్రీకు, లాటిన్ రెండూ గట్టిగా రావాలి. పాత పరిశోధనలు చదవడానికి జర్మన్, ఫ్రెంచ్ లేదా ఇటాలియన్ అదనం. ఇంగ్లండ్‌లో మంచి ప్రైవేటు బడుల్లో చదివినవాడికి పదేళ్లప్పుడే లాటిన్ అబ్బుతుంది. మామూలు బడి నుంచి వచ్చి, కాలేజీ రెండో ఏట హోమర్ పేరు విని ప్రేమలో పడిన అమ్మాయికి ఆ పదేళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయి? ఇలాంటివాళ్ల కోసమే పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వంటి కొన్ని చోట్ల డిగ్రీకీ పీహెచ్‌డీకీ మధ్య ఒక ఏడాది, రెండేళ్ల కోర్సులు పెట్టారు. మన దగ్గర లాంగ్ టర్మ్ కోచింగ్ లాంటిదనుకోకూడదు. అక్కడ చేరినవాళ్లు ర్యాంకు కోసం కాదు, ఒక పేజీ ప్లేటోను నిఘంటువు లేకుండా చదవగలగడం కోసం కూర్చుంటారు. ఆ ఏడాది ముందే గడిపినవాడు పీహెచ్‌డీలో క్రియాపదాల రూపాలతో కుస్తీ పట్టక్కర్లేదు. ఆలోచించడానికి తీరిక ఉంటుంది.

పీహెచ్‌డీకి ముందు గడిపే ఇలాంటి చదువు ఒక మనిషి దారిని ఎలా మళ్లిస్తుందో చూడాలంటే హ్యారియెట్ బాయ్డ్ కథ చెప్పుకోవాలి. 1892లో అమెరికాలో స్మిత్ కాలేజీ నుంచి పట్టా తీసుకుంది. కొన్నేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పింది. 1896లో పై చదువుకని ఏథెన్స్ అమెరికన్ స్కూల్లో చేరింది. ఏథెన్స్ వీధుల్లో సైకిలు మీద తిరిగింది. మరుసటి ఏడాది గ్రీసుకూ టర్కీకీ యుద్ధం వస్తే చదువు పక్కనపెట్టి గాయపడ్డ సైనికులకు నర్సుగా పనిచేసింది. అన్నిటికీ స్కూలు మెచ్చుకుంది గానీ తవ్వకానికి మాత్రం రానివ్వలేదు. ఆడవాళ్లకు గుంటలో ఏం పని, గ్రంథాలయం చూసుకుంటే పోలేదా అన్న ధోరణి అప్పటిది. స్కూలు తరఫున కోరింత్‌లో తవ్వుతున్నది మగవాళ్లే.

ఆమె వాదులాడలేదు. తన ఫెలోషిప్‌లో మిగిలిన డబ్బు లెక్క చూసుకుంది. క్రీట్ ద్వీపం అప్పుడప్పుడే టర్కీ చేతిలోంచి బయటపడింది, అక్కడ తవ్వేవాళ్లు తక్కువ. 1900 వసంతంలో వృక్షశాస్త్రం చదివిన ఒక స్నేహితురాలితో, ఒక గ్రీకు మేస్త్రీతో, అతని తల్లితో కలిసి పడవ దిగి, కంచరగాడిదల మీద కొండలెక్కింది. ఆ ద్వీపంలోనే నోసస్‌లో బ్రిటిష్ పురావస్తువేత్త ఆర్థర్ ఎవాన్స్ తవ్వకం మొదలుపెట్టిన సంవత్సరమే అది. ఎవాన్స్ ఆమెను తూర్పున కవూసీ వైపు చూడమన్నాడు. అక్కడ కొన్ని ఇళ్లు, సమాధులు దొరికాయి. మరుసటి ఏడాది మళ్లీ వచ్చింది. అప్పుడు ఒక రైతు, పక్క ఊరివాడు, పాత వస్తువులంటే మోజున్నవాడు, తన దగ్గరున్న పెంకులు తెచ్చి చూపించి, సముద్రపు ఒడ్డున గూర్నియా అనే చిట్టడవి దిబ్బ ఉంది, చూస్తారా అన్నాడు. వెళ్లి నాలుగు చోట్ల తవ్వి చూస్తే రాళ్లు పరిచిన వీధులు బయటపడ్డాయి.

రాజుల కోటలు ఎవాన్స్‌కు దక్కాయి. ఆమెకు దక్కింది ఒక ఊరు. మూడున్నర వేల ఏళ్ల నాటి మామూలు జనం ఊరు: ఇరుకు సందులు, నూనె తీసిన తొట్లు, వడ్రంగి వదిలి పోయిన రంపాలు, ఉలులు. కంచు పనివాళ్లు, కుమ్మరులు, చేపలు పట్టేవాళ్లు బతికిన చోటు. వందమందికి పైగా కూలీలు ఆమె కింద పనిచేశారు, పెంకులు కడగడానికి ఊరి అమ్మాయిలు వచ్చారు. 1901, 1903, 1904 వేసవుల్లో పని ముగించి, మధ్యలో స్మిత్ కాలేజీలో పాఠాలు చెబుతూ, 1908 నాటికి మొత్తం నివేదికను పుస్తకంగా అచ్చువేసింది. తవ్వడం అందరూ తవ్వుతారు. అచ్చువేయడంలో పెద్ద పెద్దవాళ్లు కూడా దశాబ్దాలు బాకీ పడిన రంగం ఇది. స్కూలువాళ్లు వద్దన్న పనే ఆమెకు దొరికింది. ఏథెన్స్‌లో గడిపిన నాలుగేళ్లే లేకపోతే ఆ రైతు చేతిలోని పెంకులు చూసి, ఇవి వెంట పడదగ్గవని గుర్తుపట్టే చూపు ఆమెకు ఉండేది కాదని మా నమ్మకం.

ఇంతవరకూ చెప్పినదంతా బాగానే ఉంది, ఖర్చు మాటేమిటని అడిగేవారుంటారు. అడగాల్సిందే. విశ్వవిద్యాలయాలు నడిపే వేసవి తవ్వకపు శిబిరాలకు నాలుగైదు వారాలకే కొన్ని వేల డాలర్లు అవుతాయి. వింత ఎక్కడుందంటే, అమెరికాలో పేరున్న చాలాచోట్ల పీహెచ్‌డీలో చేరాక ఫీజు ఉండదు, పైగా స్టైపెండ్ ఇస్తారు. అంటే లోపల భోజనం ఉచితమే గానీ గుమ్మం దాకా రావడానికే డబ్బు కావాలి. వేసవుల్లో హోటల్లో పనిచేసి కాలేజీ ఫీజు కట్టుకునే పిల్లకు, తవ్వకంలో గడిపిన వేసవి అంటే రెండు నష్టాలు: కట్టిన ఫీజు ఒకటి, పోయిన జీతం ఒకటి. స్కాలర్‌షిప్పులు ఉన్నాయి, అందరికీ చాలవు. తర్వాత ఉద్యోగాల మాట కూడా దాచక్కర్లేదు. హోవర్డ్ విశ్వవిద్యాలయం 2021లో తన క్లాసిక్స్ శాఖనే ఎత్తివేసింది. అదే ఏడాది ప్రిన్స్‌టన్, క్లాసిక్స్ డిగ్రీకి గ్రీకు లేదా లాటిన్ తప్పనిసరి అన్న నియమాన్ని తీసేసింది. ముందుగా ఒక వేసవి పోయి రావడంలో ఉన్న లాభం ఇక్కడే తెలుస్తుంది. ఆరేడేళ్ల పీహెచ్‌డీ మధ్యలో ఈ పని నాకు పడదని తెలుసుకోవడం కన్నా, ఐదు వారాల్లో తెలుసుకుని ఇంటికొచ్చి లా కాలేజీలో చేరడం చవక. అలా వెనక్కొచ్చినవాణ్ణి ఓడిపోయాడనడం అన్యాయం.

ఇంకో లెక్క కూడా ఉంది, అది విద్యార్థిది కాదు. అగోరా 1931లో ఖాళీ మైదానం కాదు. వ్రిసాకి అనే పేట అది, నాలుగు వందల దాకా ఇళ్లు, మధ్యలో చర్చి, అంగళ్లు. ఇళ్లు కొని, జనాన్ని పంపించి, పడగొట్టి, కింద ఉన్న ఊరిని తీశారు. పాత ఏథెన్స్ కోసం కొత్త ఏథెన్స్ పేట ఒకటి పోయింది. మనకు ఇది చప్పున అర్థమవుతుంది. నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955లో పునాదిరాయి పడింది. నాగార్జునకొండ లోయ మునగకముందే తవ్వేయాలని 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పురావస్తు శాఖవాళ్లు గడువుతో పరుగు పందెం పెట్టుకున్నట్టు పనిచేశారు. ఇక్ష్వాకుల రాజధాని, విహారాలు, చైత్యాలు, స్నానఘట్టాలు, మెట్ల వరసలున్న రంగస్థలం బయటికి వచ్చాయి. కొన్నిటిని రాయి రాయి విప్పి కొండ మీదా, అనుపులోనూ తిరిగి కట్టారు. మిగతాది నీటి కింద ఉంది. లోయలోని పల్లెల జనం మూటాముల్లె సర్దుకుని పోయారు. అగోరా వసారా స్తంభాల మధ్య నిలబడే తెలుగు కుర్రవాడికి ఈ సంగతి ఎవరైనా చెప్పి పంపితే బాగుంటుంది.

విదేశంలో సంపాదించిన చూపు మన నేల మీద ఎంత పనిచేసిందో, ఎక్కడ తడబడిందో కూడా ఒకే ఉదంతంలో ఉంది. మార్టిమర్ వీలర్ 1944లో భారత పురావస్తు శాఖకు అధిపతిగా వచ్చాడు. ఆ ఏడాదే మద్రాసు మ్యూజియం బీరువాలో వెతుకుతుంటే ఒక పొడుగాటి జాడీ మెడ ముక్క కంటబడింది. మధ్యధరా తీరంలో ద్రాక్షసారా రవాణాకు వాడే జాడీ అని చూడగానే పోల్చాడు. ఏళ్ల తరబడి ఆ బీరువా తలుపు తీసి మూసినవాళ్లకు అది ఉత్త ముక్క. పుదుచ్చేరి పక్కనున్న అరికమేడు నుంచి వచ్చిందని తెలుసుకుని, 1945లో అక్కడ తవ్వించి, రోమన్లతో దక్షిణాది వర్తకానికి కాలం లెక్క కట్టాడు. అంతవరకూ అద్భుతం. అక్కడే నునుపైన పళ్లేలు కూడా దొరికాయి, లోపలి అడుగున వలయాలుగా చిన్న చిన్న నొక్కులున్నవి. రూలెటెడ్ వేర్ అంటారు. ఆ పనితనం చూసి అవీ రోమన్ సరుకేనని వీలర్ అనుకున్నాడు. అలాంటివి మన అమరావతిలోనూ శాలిహుండంలోనూ దొరుకుతూనే ఉన్నాయి. 1989-92 మధ్య విమలా బెగ్లే అరికమేడును మళ్లీ తవ్వింది. ఆ పళ్లేల మీద ఆమెదీ ఇతరులదీ పరిశోధన, మట్టి పరీక్షలు కలిసి, అవి ఇక్కడి మట్టితో ఇక్కడివాళ్లు చేసినవేనని తేల్చాయి. తెలిసిన ముఖాన్ని గుంపులో వెంటనే గుర్తుపట్టే కన్ను, తెలియని ముఖంలో కూడా తెలిసినవాడినే వెతుక్కుంటుంది. పరదేశంలో చదివి వచ్చేవాళ్లు ఈ రెండు సంగతులూ కలిపి గుర్తుంచుకుంటే మనకు లాభం.

అలా చదివి వచ్చేవాళ్లకు ఇక్కడ పని లేకపోలేదు. నాగార్జునకొండలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. అక్కడి ఒక స్తంభం మీద కొమ్ముపాత్ర పట్టుకుని, సగం ఒంటిమీద బట్ట లేని మగవాడి బొమ్మ చెక్కి ఉంది. గ్రీకుల మద్యదేవుడు డయోనిసస్ పోలికలున్నాయని పండితులంటారు. తెలంగాణలో సూర్యాపేట దగ్గరి ఫణిగిరి శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా వెళ్లి వచ్చాయి. గ్రీకు కూజాల మీది బొమ్మలు చేతికందేంత దగ్గరగా చూసినవాడు మన స్తంభం ముందు నిలబడితే ఏమంటాడో వినాలని ఉంది. అలాంటివాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో హైస్కూల్లో లాటిన్ తీసుకున్న తెలుగు పిల్ల ఒకతె, కాలేజీలో కూడా అదే చదువుతానంటే, ఫోన్లో పెదనాన్న అడిగే మొదటి మాట, ‘అది సరేనమ్మా, ఆ కోర్సు అయ్యాక ఏ కంపెనీలో చేరతావు?’ అని. పెదనాన్న తప్పేమీ లేదు. ఆయన చూసిన చదువులన్నీ ఏదో ఒక కంపెనీ గేటు దగ్గర ఆగినవే. ఒక్క వేసవి పోయి రానిస్తే ఏం పోతుందని ఆయనకు నచ్చజెప్పడం, ఏడేళ్ల పీహెచ్‌డీకి ఒప్పించడం కన్నా తేలిక.

ఇంట్లో ఒప్పుకోకపోయినా, డబ్బు కుదరకపోయినా చేయగలిగినది కొంత ఉంది. అగోరాలో తవ్విన గుంటల నోటుబుక్కులను, చేత్తో గీసిన బొమ్మలతో సహా, ఇంటర్నెట్‌లో ఎవరైనా చూసేలా పెట్టారు. గ్రీకు, లాటిన్ మూలగ్రంథాలు ప్రతి మాటకూ వ్యాకరణంతో పెర్సియస్ అనే ఉచిత గ్రంథాలయంలో ఉన్నాయి. గుంటూరులో కూర్చుని హోమర్ మొదటి పేజీతో కుస్తీ పట్టడానికి వీసా అక్కర్లేదు. వెళ్లగలిగినవాళ్లకు మాత్రం ఒక సూచన. వేసవి శిబిరాలకు దరఖాస్తులు సాధారణంగా చలికాలంలోనే ముగుస్తాయి, సంక్రాంతి సెలవుల్లో ఆలోచిద్దామనుకుంటే ఆలస్యమవుతుంది. సిఫార్సు ఉత్తరాలకు ప్రొఫెసర్ల వెంట అంతకుముందు నుంచే పడాలి. కొన్ని శిబిరాలు మోకాళ్ల కింద వేసుకునే మెత్తలు, సొంత తాపీ తెచ్చుకోమంటాయి. తాపీలు అక్కడే కొనుక్కోవడం మంచిది, మన మేస్త్రీల తాపీ అందుకు పెద్దదవుతుంది. టెటనస్ ఇంజెక్షన్ కూడా అడుగుతారు. అది మాత్రం మన ఊళ్లో ఆర్ఎంపీ డాక్టరు దగ్గరే చవగ్గా అయిపోతుంది.